కత్తి మీద డీఎన్‌ఏ ఉంటే ఆ చేతిలో కత్తి ఉన్నట్టేనా?

"డీఎన్‌ఏ అబద్ధం చెప్పదు. సాక్షి మాట మార్చవచ్చు, పోలీసు పొరబడవచ్చు, డీఎన్‌ఏ మాత్రం మారదు. నేరస్థలంలో ఎవరి డీఎన్‌ఏ దొరికిందో వారు అక్కడికి వచ్చినట్టే. ఆయుధం మీద ఎవరిది ఎక్కువగా ఉందో వారే దాన్ని వాడినట్టు. గ్లవ్స్ తొడుక్కుని చేసే పరీక్షలో పొరపాటుకు తావు లేదు. వంద కోట్ల మందిలో ఒక్కరికే సరిపోయే ప్రొఫైల్ వచ్చిందంటే ఇక వాదనలు అనవసరం. ఏమీ దొరకలేదంటే ఆ మనిషి నిర్దోషి."

ఏ పెద్ద కేసు వార్తల్లోకెక్కినా ఈ సందేశం ఏదో ఒక రూపంలో ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. చదివినవాళ్లు తలూపి పదిమందికి పంపుతారు. ఇందులోని ప్రతి మాటా నిజానికి కాస్త దగ్గరగా ఉంటుంది. అందుకే ఇది పచ్చి అబద్ధం కన్నా ఎక్కువ హాని చేస్తుంది.

డీఎన్‌ఏ పరీక్ష జవాబిచ్చేది ఒకే ఒక్క ప్రశ్నకు: ఈ జీవపదార్థం ఎవరిది కావచ్చు? అది అక్కడికి ఎలా చేరింది, ఎప్పుడు చేరింది, ఎవరి చేతుల మీదుగా చేరింది అనే ప్రశ్నలకు ఆ పరీక్షలో జవాబు ఉండదు. ఉందనుకున్నందుకు నేరంతో ఏ సంబంధమూ లేని మనుషులు నెలల తరబడి జైళ్లలో మగ్గారు. కాబట్టి ఆ సందేశంలోని మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని జవాబు చెప్పాలి.

"ఎవరి డీఎన్‌ఏ దొరికిందో వారు అక్కడికి వచ్చినట్టే"

2012 నవంబరు చివర్లో కాలిఫోర్నియాలోని మాంటె సెరెనోలో ఒక సంపన్న వ్యాపారి ఇంట్లో దొంగలు పడ్డారు. ఆయన నోటికి టేపు చుట్టి, ఇల్లు దోచుకుని పోయారు. ఊపిరాడక ఆయన చనిపోయాడు. ఆయన గోళ్ల నుంచి తీసిన నమూనాలో మరో మనిషి డీఎన్‌ఏ దొరికింది. డేటాబేస్‌లో వెతికితే అది ఇల్లూ వాకిలీ లేకుండా వీధుల్లో బతుకుతున్న, తాగుడుకు బానిసైన ఒక వ్యక్తిదని తేలింది. గోళ్లలో పరాయి డీఎన్‌ఏ అనగానే దర్యాప్తు చేసేవారి మనసులో మెదిలేది పెనుగులాటే. చివరి క్షణాల్లో హతుడు హంతకుణ్ణి రక్కి ఉంటాడని అనుకుంటారు. ఇక్కడా అలాగే అనుకున్నారు. మరణశిక్షకు దారితీయగల హత్యాభియోగం మోపి అతన్ని జైల్లో పెట్టారు. ఆ రాత్రి ఏం జరిగిందో నిందితుడికే గుర్తు లేదు. తానే చేశానేమోనని ఒక దశలో తన న్యాయవాదితో అన్నాడు కూడా.

అతని తరఫు బృందం ఆస్పత్రి రికార్డులు తిరగేసింది. హత్య జరిగిన సమయానికి అతను విపరీతంగా తాగిన స్థితిలో ఆస్పత్రి మంచం మీద వైద్య సిబ్బంది కళ్ల ముందే ఉన్నాడు. మరి గోళ్లలోకి డీఎన్‌ఏ ఎలా వచ్చింది? సాయంత్రం అతనికి చికిత్స చేసిన పారామెడిక్‌లే కొన్ని గంటల తర్వాత వ్యాపారి ఇంటికీ వెళ్లారు. ఆక్సిజన్ స్థాయి చూసేందుకు వేలికి తగిలించే చిన్న క్లిప్పు ఇద్దరి వేళ్లకూ పెట్టి ఉంటారని, ఒకరి చర్మకణాలు రెండోవారి గోటికి అలా చేరి ఉంటాయని అధికారులు అంచనాకు వచ్చారు. అప్పటికి నిర్దోషి ఐదు నెలలకు పైగా జైల్లో గడిపాడు.

ఈ కేసులో ల్యాబ్ తప్పు చేయలేదు. ఆ ప్రొఫైల్, అంటే నమూనా నుంచి ల్యాబ్ రాబట్టిన డీఎన్‌ఏ గుర్తుల వరుస, నిజంగా అతనిదే. తప్పు జరిగిందల్లా 'అతనిది' అన్న మాట నుంచి 'అతను వచ్చాడు' అన్న మాటకు దూకడంలో. ఆ రాత్రి అతన్ని ఎవరూ ఆస్పత్రిలో చేర్చకుండా ఉండి, అతను ఏ చెట్టు కిందో ఒంటరిగా పడి ఉంటే, నిర్దోషినని నిరూపించుకోవడానికి అతనికి ఏ కాగితం ఉండేది? ఆ ఆలోచన వస్తే నాకు వణుకు పుడుతుంది.

ఒకరి డీఎన్‌ఏ ఆయన తాకని వస్తువు మీదికి మరొకరి ద్వారానో, మరో వస్తువు ద్వారానో చేరడాన్ని పరోక్ష బదిలీ అంటారు. దీన్ని నిందితుల న్యాయవాదులు కనిపెట్టలేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర ఫోరెన్సిక్ కేంద్రంలో పనిచేసిన రోలండ్ వాన్ ఊర్‌షాట్, మాక్స్‌వెల్ జోన్స్ 1997లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. చేత్తో పట్టుకున్న వస్తువుల మీద డీఎన్‌ఏ దొరుకుతుందని ప్రపంచానికి చూపిన వ్యాసం అది. ఈనాటి టచ్ డీఎన్‌ఏ పరీక్షలకు పునాది అక్కడే పడింది. వస్తువు నుంచి చేతికి, చేతి నుంచి మరో చేతికి ఆ డీఎన్‌ఏ ప్రయాణించగలదని కూడా అదే వ్యాసం చెప్పింది. మొదటి సగాన్ని దర్యాప్తు సంస్థలు వెంటనే అందిపుచ్చుకున్నాయి. రెండో సగం చాలామందికి చాలాకాలం గుర్తు రాలేదు.

ఆ తర్వాత జరిగిన ప్రయోగాల్లో రెండింటిని చెప్పుకోవాలి. ఇండియానాపొలిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరిద్దరిని జతలుగా చేసి రెండు నిమిషాలు కరచాలనం చేయించారు. ఆ వెంటనే ప్రతి ఒక్కరి చేతికీ ఒక కత్తి ఇచ్చారు. 2016లో అచ్చయిన ఫలితాల ప్రకారం 85 శాతం నమూనాల్లో, కత్తిని అసలు ముట్టుకోని రెండో వ్యక్తి డీఎన్‌ఏ కత్తి మీద దొరికింది. ఐదింట ఒక వంతు నమూనాల్లో కత్తిని ముట్టుకోని ఆ వ్యక్తే ప్రధాన లేదా ఏకైక డీఎన్‌ఏ దాతగా కనిపించాడు. రెండు నిమిషాల కరచాలనం ఎక్కడైనా ఉంటుందా అని విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ అంకెలను యథాతథంగా కోర్టుకు మోసుకెళ్లకూడదు.

అందుకే వాన్ ఊర్‌షాట్ బృందం చేసిన రెండో ప్రయోగం నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. అందులో ఎవరినీ కరచాలనం చేయమనలేదు. కొందరిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఒకే కూజాలోని పళ్లరసం గ్లాసుల్లో పోసుకుని తాగుతూ 20 నిమిషాలు మాట్లాడుకోమన్నారు. ఎవరూ ఎవరినీ తాకలేదు. తర్వాత చేతులు, కుర్చీలు, బల్ల, కూజా, గ్లాసులు అన్నింటి నుంచీ నమూనాలు తీశారు. సగం మంది చేతుల మీద ఇంకొకరి డీఎన్‌ఏ ఉంది. మూడో వంతు గ్లాసుల మీద, ఆ గ్లాసును పట్టుకోని వ్యక్తి డీఎన్‌ఏ ఉంది. కూజా పిడి ఆ పని చేసింది. అంతకన్నా ఆశ్చర్యం ఏమిటంటే, ఆ గదిలోనే లేని మనుషుల డీఎన్‌ఏ కూడా కుర్చీల మీద, గ్లాసుల మీద, చేతుల మీద కనిపించింది. అక్కడ కూర్చున్నవారు దాన్ని తమ ఇళ్ల నుంచో, దారిలో ముట్టుకున్న వస్తువుల నుంచో తెచ్చిపెట్టారన్నమాట. ఆ గదిలో ఆ సాయంత్రం ఒక నేరం జరిగి ఉంటే, ఆ గడప కూడా తొక్కని మనిషి తలుపు పోలీసులు తట్టి ఉండేవారు.

ఇంతకుముందు లేని ఈ చిక్కు ఇప్పుడెందుకు వచ్చింది?

పరీక్ష మెరుగుపడినందుకే. లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని కనుగొన్నప్పుడు పరీక్షకు కంటికి స్పష్టంగా కనిపించే మరక కావలసి వచ్చేది. రక్తమో వీర్యమో అంత మొత్తంలో ఒకచోట ఉందంటే, అది అనుకోకుండా ఒకరి చేతి మీదుగా వచ్చి పడిందని ఎవరూ అనరు. మరక పరిమాణమే అది ఎలా వచ్చిందో కొంత చెప్పేది.

ఇప్పటి సంగతి వేరు. ఒక మానవ కణంలో ఉండే డీఎన్‌ఏ సుమారు 6 పికోగ్రాములు. అంటే గ్రాములో లక్ష కోట్ల వంతులు ఆరు. నేటి కిట్లు హాయిగా పనిచేయడానికి ఒక నానోగ్రాము, అంటే సుమారు 150 కణాల డీఎన్‌ఏ చాలు. అంతకన్నా చాలా తక్కువ ఉన్నా ఫలితం రాబట్టగలవు. పీసీఆర్ అనే ప్రక్రియ ఒక్కో ఆవృత్తిలో డీఎన్‌ఏ ముక్కలను రెట్టింపు చేస్తూ పోతుంది. లెక్క ప్రకారం 28 ఆవృత్తుల్లో ఒక ముక్క దాదాపు 27 కోట్ల ముక్కలవుతుంది. కంటికి ఆనని, వేలికి తగలని పదార్థం తెర మీద స్పష్టమైన శిఖరాల వరుసగా కనిపిస్తుంది. చూసేవారికి అది ఎంత కొంచెం నుంచి వచ్చిందో గుర్తు రాదు. నిండు రక్తపు మరక నుంచి వచ్చిన ప్రొఫైల్‌కూ, తలుపు గడియ మీది నాలుగు చర్మకణాల నుంచి వచ్చిన ప్రొఫైల్‌కూ నివేదికలో ఒకే గౌరవం దక్కుతుంది. ఈ సమానత్వమే అన్యాయం. మొదటిదానికి ఉన్న కథ రెండోదానికి లేదు.

అతి స్వల్ప పరిమాణాలతో పనిచేసే పద్ధతి మీద కోర్టు కూడా ఒకసారి గట్టిగా మాట్లాడింది. ఉత్తర ఐర్లండ్‌లోని ఓమాలో 1998 ఆగస్టు 15న బాంబు పేలి 29 మంది చనిపోయారు. ఆ కేసులో ఏకైక నిందితుడి మీద విచారణ ఈ పద్ధతిలో వచ్చిన ఫలితాల మీద చాలావరకు ఆధారపడింది. ఆ పద్ధతికి అప్పటికి ఉన్న శాస్త్రీయ ధ్రువీకరణ చాలదని, పోలీసులు వస్తువులను భద్రపరిచిన తీరూ సరిగా లేదని న్యాయమూర్తి తప్పుబట్టి 2007 డిసెంబరులో అతన్ని నిర్దోషిగా ప్రకటించారు.

"ఎవరిది ఎక్కువగా ఉందో వారే వాడారు"

1997 నాటి ఆ వ్యాసమే దీన్ని కొట్టిపారేసింది. వస్తువును చివరగా పట్టుకున్నవారిదే బలమైన ప్రొఫైల్ కానవసరం లేదని అందులో ఉంది. మనుషులందరూ ఒకేలా చర్మకణాలు రాల్చరు. కొందరు వస్తువును ఒక్కసారి ముట్టుకుంటే చాలు, నిండు ప్రొఫైల్ వస్తుంది. మరికొందరు గట్టిగా పట్టుకున్నా దాదాపు ఏమీ దొరకదు. అదే మనిషి అయినా చేతులు ఎప్పుడు కడుక్కున్నాడు, ముఖం తుడుచుకున్నాడా, చెమట పట్టిందా, ఒట్టిగా తాకాడా, రుద్దాడా అన్నదాన్ని బట్టి పరిమాణం మారుతుంది. నునుపైన గాజు మీద ఉన్నది తేలిగ్గా వదిలి వెళ్లిపోతుంది. బట్ట దాన్ని పట్టేసుకుంటుంది. తడి ఉంటే, రాపిడి ఉంటే బదిలీ ఎక్కువ.

లివర్‌పూల్‌లో 2005లో ఒక మహిళ హత్యకు గురైంది. ఏళ్ల తర్వాత ఆమె గోళ్ల నమూనాలో దొరికిన స్వల్ప డీఎన్‌ఏ ఒక టాక్సీ డ్రైవరుతో సరిపోలింది. అతనికి చర్మం పొట్టు రాలే జబ్బు ఉంది. రోజంతా పదుల మందికి చిల్లర తిరిగిచ్చే వృత్తి. అతని చర్మపు పొట్టు నోట్ల మీదుగానో, మరో ప్రయాణికుడి మీదుగానో ఆమె గోటి రంగు మీదికి చేరి ఉండవచ్చని డిఫెన్స్ వాదించింది. ఎనిమిది నెలల నిర్బంధం తర్వాత 2012లో జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది. ఎక్కువగా రాల్చే మనిషి ఎక్కువ చోట్ల దొరుకుతాడు. దానికీ నేర స్వభావానికీ సంబంధం లేదు.

ఇక్కడే మరో అపోహను కూడా సరిచేయాలి. ఆ డీఎన్‌ఏ ఏ భాగం నుంచి వచ్చిందో ల్యాబ్ చెప్పేస్తుందని చాలామంది అనుకుంటారు. రక్తం, వీర్యం, లాలాజలం గుర్తించడానికి విడి పరీక్షలు ఉన్నాయి, కానీ అవి ఆ ద్రవం ఉందని చెబుతాయే తప్ప దొరికిన ప్రొఫైల్ దాని నుంచే వచ్చిందని ప్రతిసారీ చెప్పలేవు. ఒక మహిళ రక్తపు మరక ఉన్న చొక్కా మీద ఒక పురుషుడి ప్రొఫైల్ కలగలిసి దొరికితే, అతనిది రక్తమా, తుమ్మినప్పుడు పడిన తుంపరా, ఆ చొక్కాను ఎప్పుడో మడతపెట్టిన చేతి చర్మమా అన్నది ప్రొఫైల్‌లో రాసి ఉండదు. తేదీ కూడా రాసి ఉండదు. నిన్న పడిందో, మూడు నెలల క్రితం పడిందో చెప్పే నమ్మకమైన పరీక్ష కోర్టుల వాడుకలోకి రాలేదు.

వీర్యం విషయంలోనూ జాగ్రత్త అవసరమే. కెనడా పరిశోధకులు 2016లో ప్రచురించిన పరిశోధనలో వీర్యపు మరకలున్న దుప్పట్లను, శుభ్రమైన లోదుస్తులను ఒకే వాషింగ్ మెషీన్‌లో ఉతికారు. మరకల నుంచి వచ్చిన డీఎన్‌ఏ శుభ్రమైన బట్టల మీదికి చేరింది. పూర్తి ప్రొఫైళ్లు కూడా దొరికాయి. ఒకే ఇంటి బట్టలన్నీ ఒకే యంత్రంలో పడే చోట, తండ్రి మీద బిడ్డ విషయంలో ఆరోపణ వచ్చినప్పుడు ఈ సంగతి తెలియని నిపుణుడు ఎంత ఘోరానికి కారణం కాగలడో ఊహించండి. తెలిసిన నిపుణుడు వెంటనే అడిగేవి వేరు: మరక ఎక్కడ ఉంది, ఎంత ఉంది, శుక్రకణాలు కనిపించాయా, శరీరం లోపలి నుంచి తీసిన స్వాబ్‌లో, అంటే దూదిపుల్లతో తీసిన నమూనాలో, ఏం వచ్చింది? వీటి జవాబులు నిజమైన నేరాన్నీ పట్టిస్తాయి, లేని నేరాన్నీ తేలుస్తాయి.

"గ్లవ్స్ తొడుక్కుని చేసే పరీక్షలో పొరపాటుకు తావు లేదు"

జర్మనీ పోలీసులు ఒక స్త్రీ కోసం ఏళ్ల తరబడి వెతికారు. 2007 ఏప్రిల్ 25న హైల్‌బ్రాన్ నగరంలో 22 ఏళ్ల మహిళా పోలీసు అధికారి హత్య జరిగినప్పుడు, ఆ పోలీసు కారులో దొరికిన డీఎన్‌ఏ ఒక అజ్ఞాత స్త్రీది. అదే ప్రొఫైల్ 1993 నాటి ఒక వృద్ధురాలి హత్యలోనూ, ఇంకా అనేక దొంగతనాల్లోనూ ఉంది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్ మూడు దేశాల్లో సుమారు 40 నేరస్థలాల్లో ఆమె ఆనవాలు దొరికింది. కప్పు మీద, సిరంజి మీద, సగం తిన్న బిస్కెట్ మీద ఆమే. తన జాడ దాచుకోవడం రాదు, కానీ ఎవరికీ కనిపించదు. పట్టించినవారికి మూడు లక్షల యూరోల బహుమతి ప్రకటించారు.

2009లో కాలిన శవం ఒకటి ఎవరిదో తేల్చడానికి, ఒక పురుషుడు శరణార్థిగా పెట్టుకున్న దరఖాస్తు మీది వేలిముద్రల నుంచి నమూనా తీశారు. అందులోనూ ఆ స్త్రీ ప్రొఫైలే వచ్చింది. పురుషుడి వేలిముద్రలో స్త్రీ! మళ్లీ పరీక్షిస్తే రాలేదు. అప్పుడు గాని చూపు నేరస్థలాల నుంచి నమూనా తీసే దూదిపుల్లల వైపు మళ్లలేదు. ఆ పుల్లలను ప్యాక్ చేసే కర్మాగారంలో పనిచేసే ఒక మహిళ డీఎన్‌ఏ అది. అన్ని నేరస్థలాలకూ ఆమెను మోసుకెళ్లింది పోలీసులే.

ఆ పుల్లలన్నీ శుద్ధి చేసినవే. శుద్ధి చేస్తే సూక్ష్మజీవులు చస్తాయి, డీఎన్‌ఏ అంతటితో పోదు. అప్పటిదాకా కొన్న సంస్థలు ఆ తేడా అడగలేదు. ఫోరెన్సిక్ పనికి వాడే వస్తువుల తయారీలో మానవ డీఎన్‌ఏ కలుషితం కాకుండా చూసేందుకు ఐఎస్ఓ 18385 అనే ప్రమాణం వచ్చింది 2016లో. ఏడేళ్లు పట్టింది.

గ్లవ్స్ కాపాడేది తొడుక్కున్న మనిషి చర్మం నుంచి వస్తువును. ఆ గ్లవ్ ఒక వస్తువును తాకి, మార్చకుండానే రెండోదాన్ని తాకితే, సుద్దపొడి అంటిన గుడ్డతో మరో బల్ల తుడిచినట్టే. వేలిముద్రలు తీసే కుంచె కూడా ఒకచోటి కణాలను మరోచోటికి మోయగలదు. ఇటలీలోని పెరూజాలో జరిగిన ఒక విద్యార్థిని హత్య కేసులో, ఆమె లోదుస్తు కొక్కెం నేరం తర్వాత 46 రోజులకు, అంతకుముందున్న చోటు నుంచి కదిలిపోయి నేల మీద పడి ఉన్న స్థితిలో దొరికింది. దాన్ని సిబ్బంది చేతి నుంచి చేతికి మార్చుకోవడం వారి వీడియోలోనే ఉంది. ఆ కొక్కెం మీది డీఎన్‌ఏ ఆధారంతో ఒక యువకుడు దోషి అయ్యాడు. కోర్టు నియమించిన స్వతంత్ర నిపుణులు 2011లో కలుషితం జరిగి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమన్నారు. ఇటలీ సుప్రీంకోర్టు 2015 మార్చిలో అతన్నీ, అతనితోపాటు నిందితురాలైన యువతినీ చివరిగా నిర్దోషులన్నది.

మెల్‌బోర్న్‌లో జరిగింది ఇంకా బాధాకరం. 2006లో ఒక నైట్‌క్లబ్‌లో స్పృహ తప్పి పడి ఉన్న మహిళకు వైద్యపరీక్ష చేశారు. తీసిన స్వాబ్‌లో ఒక సోమాలీ యువకుడి డీఎన్‌ఏ వచ్చింది. అతను ఆ క్లబ్‌కు వెళ్లినట్టు చెప్పిన సాక్షి ఒక్కరూ లేరు. ఆ రాత్రి ఇంట్లో జబ్బుపడ్డ తండ్రి దగ్గర ఉన్నానన్న అతని మాటను జ్యూరీ నమ్మలేదు. 2008లో శిక్ష పడింది. అసలు జరిగిందేమిటంటే, సుమారు 28 గంటల ముందు అదే వైద్యపరీక్షా కేంద్రంలో, అదే వైద్యురాలు, ఆ యువకుడితో సంబంధం ఉన్న వేరే ఘటనకు చెందిన మరో మహిళ నుంచి నమూనాలు తీశారు. అక్కడి నుంచే డీఎన్‌ఏ ఇక్కడికి పాకింది. ఏడాదికి పైగా జైలు అనుభవించాక 2009 డిసెంబరులో శిక్ష రద్దయింది. ఆ క్లబ్‌లో బహుశా ఏ నేరమూ జరగలేదని విచారణ జరిపిన మాజీ న్యాయమూర్తి ఫ్రాంక్ విన్సెంట్ తేల్చారు. డీఎన్‌ఏ ఎంత తిరుగులేనిదన్న నమ్మకం ముందు, ఒక్క సాక్షీ లేడన్న చిన్న విషయం ఎవరికీ ఆనలేదు.

ఇంగ్లండ్‌లో 2011లో మరో యువకుడు తానెన్నడూ వెళ్లని మాంచెస్టర్‌లో జరిగిన అత్యాచారం కేసులో ఐదు నెలలు నిర్బంధంలో ఉన్నాడు. ల్యాబ్‌లో ఒకసారి వాడి పారేయవలసిన ప్లాస్టిక్ ట్రేను మళ్లీ వాడారు. అతని పాత నమూనా అందులో మిగిలి ఉంది. నేరం జరిగిన కొన్ని గంటలకే అతని ఫోను ఎంతో దూరంలోని ప్లిమత్‌లో ఉన్నట్టు రికార్డులు చెబుతున్నా, డీఎన్‌ఏ మాటే నెగ్గింది.

"వంద కోట్లలో ఒకరు" అంటే దోషి కావడానికి వంద కోట్ల వంతుల నమ్మకం అని సందేశం చదివినవారు అనుకుంటారు. ఆ అంకె చెప్పేది వేరే: జనంలోంచి సంబంధం లేని ఒక మనిషిని తీసుకుంటే, అతని ప్రొఫైల్ కూడా యాదృచ్ఛికంగా ఇదే అయ్యే అవకాశం అంత తక్కువ అని. అంటే ఆ కణాలు ఎవరివన్న ప్రశ్నకే ఆ అంకె వర్తిస్తుంది. కాలిఫోర్నియా నిందితుడి విషయంలో ఆ అంకె ఎంత పెద్దదైనా అది నిజమే, అతను నిర్దోషి అన్నదీ నిజమే. మెల్‌బోర్న్ యువకుడిదీ అంతే. కణాలు మరొకరి ద్వారా వచ్చే అవకాశం, ట్రే మళ్లీ వాడే అవకాశం, పుల్ల మీద ముందే ఉండే అవకాశం ఆ వంద కోట్ల లెక్కలో ఎక్కడా కలపలేదు. వాటి అవకాశం వందలో ఒకటో, వెయ్యిలో ఒకటో అయినా, నిర్ణయించవలసింది దాన్ని బట్టే. గొలుసులో బలహీనమైన లంకె అక్కడుంది.

పైగా ఆ అంకె కూడా ఒక్కరి ప్రొఫైల్ స్పష్టంగా ఉన్నప్పటి మాట. నలుగురైదుగురు ముట్టుకున్న వస్తువు మీద అందరివీ కలగలిసి ఉంటాయి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2013లో 108 ల్యాబ్‌లకు ఒక పరీక్ష పెట్టింది. అందులో ఒక మిశ్రమంలో నలుగురి డీఎన్‌ఏ కలిపి, అసలు అందులో లేని ఒక వ్యక్తి ప్రొఫైల్ కూడా ఇచ్చి సరిపోల్చమంది. 74 ల్యాబ్‌లు ఆ లేని వ్యక్తిని ఉన్నట్టే లెక్కగట్టాయి. ఆ మిశ్రమాన్ని కావాలనే కష్టంగా తయారుచేశారు, పద్ధతులు ఆ తర్వాత మెరుగుపడ్డాయి, నిజమే. అయినా నిర్దోషిని లోపలికి లాగే తప్పు అంతమంది చేయగలిగారని తెలిశాక, మిశ్రమం నుంచి వచ్చిన నివేదికను ఒట్టి ఒక అంకెగా ఎవరైనా ఎలా అంగీకరించగలరు?

"దొరకలేదంటే నిర్దోషి" అన్న మాటకు ఎక్కువ సమయం అక్కర్లేదు. ముట్టుకున్న వస్తువుల్లో పనికొచ్చే ప్రొఫైల్ రానివి ఎన్నో ఉంటాయి. ఎండ, తేమ, ఉతుకు, తుడుపు డీఎన్‌ఏను చెరిపేస్తాయి. తక్కువగా రాల్చే చేయి ఏమీ వదలకపోవచ్చు. కత్తి పిడికి ఒకవైపే స్వాబ్ రుద్దితే కణాలు రెండోవైపు ఉండవచ్చు. బాధితురాలి శరీరం మీద ఏమీ దొరకలేదు కాబట్టి ఆమె అబద్ధమాడుతోందనడం, దొరికింది కాబట్టి అతను దోషి అనడం ఒకే అజ్ఞానానికి రెండు ముఖాలు.

ఇదంతా విని, డీఎన్‌ఏ పరీక్షే పనికిమాలినదని సందేశాలు పంపేవారు కూడా తయారయ్యారు. వారితో నేను ఏమాత్రం ఏకీభవించను. డీఎన్‌ఏ పరీక్ష నేరవిచారణలో చేసిన మొదటి గొప్ప పని ఒక నిర్దోషిని విడిపించడం. ఇంగ్లండ్‌లోని నార్‌బరో ప్రాంతంలో ఇద్దరు బాలికల హత్యల్లో ఒక నేరాన్ని ఒప్పుకున్న పదిహేడేళ్ల కుర్రాడు హంతకుడు కాడని జెఫ్రీస్ పరీక్షే చెప్పింది. అసలు హంతకుడికి 1988లో శిక్ష పడిందీ ఆ పరీక్ష సాయంతోనే. అక్కడ నమూనా బాధితుల శరీరాల నుంచి తీసిన వీర్యం. అది ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు నమూనాలోనే ఉంది. అలాంటి చోట పరోక్ష బదిలీ మాట ఎత్తడం సాకే అవుతుంది. తలుపు గడియ మీది పికోగ్రాములకూ దానికీ ఒకే వాదన పెట్టకూడదు. అటు ప్రాసిక్యూషన్ పెట్టకూడదు, ఇటు డిఫెన్స్ పెట్టకూడదు.

ఈ ప్రశ్న అడగడం నేరస్థులకు దారి చూపడమే కదా అన్నది చివరి అభ్యంతరం. దీనికి నిపుణుల దగ్గర పద్ధతి ఉంది. 1998 నుంచీ ఫోరెన్సిక్ శాస్త్రవేత్తలు ప్రశ్నలను మెట్లుగా విడదీస్తున్నారు: ఈ కణాలు ఎవరివి అన్నది ఒక మెట్టు, ఏ చర్య వల్ల వచ్చాయి అన్నది దాని పైది, అది నేరమా కాదా అన్నది కోర్టు తేల్చవలసిన మెట్టు. రెండో మెట్టు మీద నిపుణుడు రెండు కథలనూ పక్కపక్కన పెడతాడు. నిందితుడు కత్తితో పొడిచి ఉంటే ఇంత పరిమాణం, ఈ చోట, ఈ రకంగా దొరకడం ఎంత సహజం? అతను చెప్పినట్టు ఆ సాయంత్రం కత్తి యజమానికి చేయి కలిపి మాత్రమే ఉంటే ఎంత సహజం? జవాబు ఇవ్వడానికి ఊహ చాలదు, అలాంటి పరిస్థితుల్లో చేసిన ప్రయోగాల లెక్కలు కావాలి. అందుకోసం నమూనా ఎంత మొత్తమో, వస్తువు మీద సరిగ్గా ఎక్కడిదో, పక్కనున్న ఖాళీ జాగా నుంచి తీసిన స్వాబ్‌లో ఏం వచ్చిందో, గ్లవ్స్ ఎప్పుడు మార్చారో, అంబులెన్సు సిబ్బందితో సహా ఎవరెవరు లోపలికి వెళ్లారో, వారి ప్రొఫైళ్లతో పోల్చారో లేదో నివేదికతోపాటు ఉండాలి. ఇవేవీ లేని నివేదికను నమ్మమనడం కోర్టుకూ అన్యాయమే.

ఇవన్నీ ఉన్న నివేదిక ముందు అబద్ధపు సాకు నిలవదు. కరచాలనం చేశానంతే అన్న నిందితుడి ప్రొఫైల్, హతుడి రక్తంతో కలిసి పిడి చుట్టూ నిండుగా దొరికి, బ్లేడు వైపు తగ్గుతూ పోయి, కత్తి యజమాని ఆనవాలు ఎక్కడా లేకపోతే, ఆ సాకు ఎంత అసహజమో నిపుణుడు జంకకుండా చెప్పగలడు. దానికి మద్దతుగా కరచాలనం ప్రయోగాల అంకెలే అతని చేతిలో ఉంటాయి.